మత్తడి లెక్క నేనే కట్టాను

హన్మకొండలో మా కాంట్రాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్‌లో రెండే లైన్లున్నాయి. 2015 నుంచి 2020 దాకా సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేశాడు, నడవడిక మంచిది. ఐదేళ్లు చెరువు కట్టల మీద ఎండకు ఎండిన పని ఆ ఒక్క మాటలో చిన్నదైపోయింది. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

ఆస్ట్రేలియా వీసాకు ఆ ‘సూపర్‌వైజర్’ అన్న మాటే అడ్డం. వాళ్ల లెక్కలో సివిల్ ఇంజనీర్‌ది మొదటి స్థాయి ఉద్యోగం, డిగ్రీ చదువు కావలసినది. టెక్నీషియన్‌ది రెండో స్థాయి, డిప్లొమా చాలు. బీటెక్ పట్టా చూపిస్తే సరిపోదు. చేసిన పనికి ఆ చదువు అవసరమైందని చూపాలి. వీసా పాయింట్లను బట్టి ఇస్తారు, ఐదేళ్ల అనుభవం ఒప్పుకుంటే 10 పాయింట్లు. లేకపోతే ఆ పది పోయినట్టే.

ఇంజనీర్ల పనిని పరీక్షించి ఒప్పుకునే సంస్థ ఇంజనీర్స్ ఆస్ట్రేలియా. దానికి మూడు కెరీర్ ఎపిసోడ్లు, అంటే మనం చేసిన పనుల వివరాలు, రాసివ్వాలి. మొదటిసారి అంతా ‘మేం చేశాం’ అనే రాసుకున్నాను. మన దగ్గర పని గురించి అట్లనే చెప్తాం, పదిమంది చెమట కాబట్టి. కానీ వాళ్లకు కావలసింది ‘నేను’. ఏం లెక్క వేశావు, ఎందుకు వేశావు, ఏది నీ నిర్ణయం?

అప్పుడు నర్సంపేట వైపు చెరువు గుర్తొచ్చింది. మిషన్ కాకతీయ పని. అది గొలుసుకట్టు చెరువు, పై చెరువు నిండి మత్తడి, అంటే మిగులు నీళ్లు పోయే అలుగు, దుంకితే ఆ నీళ్లన్నీ దీంట్లోకే వస్తాయి. ఎస్టిమేట్‌లో మత్తడి పొడవు పాతదే ఉంది. పై చెరువు కట్ట తెగి చాలా ఏళ్లయింది, దాన్నీ ఆ ఏడే బాగు చేస్తున్నారు. నిండితే వచ్చే వరద ఎంత? పరీవాహక విస్తీర్ణాన్ని బట్టి వరదను అంచనా వేసే రైవ్స్ ఫార్ములాతో కట్టాను. అందులో సి అనే గుణకం విలువ నేలను బట్టి మనమే తేల్చుకోవాలి. రెండు రోజులు పరీవాహకమంతా తిరిగి తేల్చాను. పాత మత్తడి చాలదని వచ్చింది. కాగితం తీసుకెళ్లి ఇరిగేషన్ ఏఈ గారికి చూపిస్తే ఆయన మళ్లీ లెక్క చూసి, పొడవు పెంచమని పైకి రాశారు. సూపర్‌వైజర్ చేసే పని కాదది.

ఆ కొలతలు, లెక్కలు రాసుకున్న లెవెల్ బుక్కు పట్టుకుని మళ్లీ కాంట్రాక్టర్ ఆఫీసుకు పోయాను. “సార్, ఈ రాత నాదే. ఇదే రాసివ్వండి, ఎక్కువేం వద్దు.” ఆయన చాలాసేపు పేజీలు తిప్పారు. “ఇన్ని లెక్కలు నువ్వే కట్టినవా?” అన్నారు. కంప్యూటర్ పిల్లవాణ్ణి పిలిచి, లెటర్‌హెడ్ మీద నా పనులు ఒక్కొక్కటే చెప్పి టైపు చేయించారు. దానికి తోడు ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్ పెట్టాను. జీతం నిజంగా అక్కడిదేనని బయటి కాగితం కూడా చెప్పాలి.

ఇప్పుడు బ్రిస్బేన్‌లో వరద నీటి కాలువల డిజైన్ చేస్తున్నాను. మొన్న కాజీపేట నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు.

“అన్నా, నీ ఎపిసోడ్లు పంపవా, చూసి రాసుకుంట.”

పంపనన్నాను. కాపీని సాఫ్ట్‌వేర్‌తో పట్టేస్తారు, దొరికితే అప్లికేషనే పోతుంది. అంతకంటే, వాడు చేసిన పని నా కాగితంలో ఎట్లుంటుంది?

“నీ లెవెల్ బుక్కులు ఉన్నాయా?”

“ఇంట్ల సజ్జ మీద ఉన్నయనుకుంటన్నా.”

“దించు. ఫోన్ పెట్టేయకు, నేను ఉంటా.”

నిచ్చెన జరిపిన చప్పుడు వినిపించింది.