నా అనుభవం: బ్రైటన్ గెస్ట్‌హౌస్‌లో పాస్‌పోర్ట్ పంచాయితీ

నిన్న రాత్రే లండన్‌కి తిరిగొచ్చాం. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నా. ఇక్కడ చదువుకుంటున్న మనవాళ్లు శని, ఆదివారాల్లో సముద్రం చూడ్డానికి బయల్దేరేముందు ఇది చదవండి.

రైలు సంగతి తేలిక. విక్టోరియా స్టేషన్ నుంచి బ్రైటన్ సుమారు గంట. 16-25 రైల్‌కార్డ్ ఉంటే ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. 26 దాటినా, ఫుల్‌టైమ్ చదువుతున్నవాళ్లకి ఆ కార్డు ఇస్తారు. నాలుగేళ్లు ఉద్యోగం చేసి మాస్టర్స్‌కి వచ్చినవాళ్లలో చాలామందికి ఇది తెలీదు, తెలిసిన సీనియర్లు చెప్పరు. ముగ్గురు కలిసి వెళ్తే కార్డు లేకపోయినా చాలా రైళ్లలో గ్రూప్‌సేవ్ కింద అదే తగ్గింపు దొరుకుతుంది. శనివారం షిఫ్టు మాత్రం వదులుకోవాల్సి వచ్చింది. క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు కాబట్టి, ఒక షిఫ్టు పోతే ఎంత నష్టమో ఇక్కడున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

నాతో వచ్చింది మా రూమ్మేట్ అక్క. సొంతూరు బాపట్ల. సూర్యలంక ఇసుకలో పెరిగిన మనిషి, బ్రైటన్ ఒడ్డున అడుగు పెట్టగానే ఆగిపోయింది. ఇసుక ఉండదక్కడ, అన్నీ గులకరాళ్లే. చెప్పులు విప్పి నడవలేం, గట్టి బూట్లు వేసుకోండి. 1899లో తెరిచిన ప్యాలెస్ పియర్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన వంతెన లాంటిది) మీద చివరిదాకా నడిచాం. దానికి పడమటి వైపున నీళ్లలో నిలబడ్డ ఇనప అస్థిపంజరమే పాత వెస్ట్ పియర్. 1975లో మూసేశారు, 2003లో కాలిపోయింది. అక్కడిదాకా మనసు హాయిగా ఉంది.

మధ్యాహ్నం మూడింటికి గెస్ట్‌హౌస్‌కి వెళ్లాం. డబ్బు ముందే కట్టేశాం, రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాదు. మా ముందు ఒక జంట ఉంది. కౌంటర్ దగ్గరి కుర్రాడు వాళ్ల ఇంటిపేరు అడిగాడు, నవ్వుతూ తాళం చేతికిచ్చాడు. మా దగ్గరికొచ్చేసరికి పేరు కూడా అడగలేదు. మా మొహాలు చూసి "పాస్‌పోర్ట్" అన్నాడు. మేం ప్రొవిజనల్ (లెర్నర్) డ్రైవింగ్ లైసెన్సులు చూపించాం. అవి ఈ దేశ ప్రభుత్వం ఇచ్చిన ఫొటో కార్డులే. బుకింగ్ మెయిల్లో అడిగిందీ ఫొటో ఉన్న గుర్తింపు కార్డే. వాటిని చేత్తో కూడా ముట్టుకోలేదు. "విదేశీయులు పాస్‌పోర్ట్ చూపించాలి, అది చట్టం" అన్నాడు. ఆ తర్వాత "వీసా ఏది?" అన్నాడు. మాకిప్పుడు కార్డులు లేవని, ఈ-వీసా అని, అది ఆన్‌లైన్‌లో ఉంటుందని చెప్పాను. "అయితే మీ దగ్గర ఏ కాగితమూ లేదన్నమాట" అని వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా గట్టిగా అన్నాడు. మా వెనక నిలబడ్డ ఒకావిడ తన హ్యాండ్‌బ్యాగు దగ్గరికి లాక్కుంది. అది నేను చూశాను, అక్క కూడా చూసింది.

పక్కకి నిలబడమన్నాడు. మా వెనకొచ్చినవాళ్లందరికీ ఒక్కొక్కరికీ తాళాలిచ్చి పంపించాడు. దొంగల్లా గోడవారన నిలబడి ఉన్నాం. అక్క నా చెయ్యి పట్టుకుని లాగింది. "వదిలెయ్యవే, ఇంకోచోట చూసుకుందాం."

"ఎందుకొదలాలక్కా? మనం డబ్బులు కట్టలేదా?"

అక్కడే మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో ప్రభుత్వ వెబ్‌సైట్ తెరిచాను. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. 1972 నాటి హోటల్ రికార్డుల ఉత్తర్వు ఒకటుంది. దాని ప్రకారం 16 ఏళ్లు దాటిన ప్రతి అతిథి పేరు, ఏ దేశస్థులో, ఎప్పుడు వచ్చారో హోటల్‌వాళ్లు రాసుకుని ఏడాదిపాటు ఉంచాలి. పాస్‌పోర్ట్ నంబరు, తర్వాత ఎక్కడికి వెళ్తున్నారన్న వివరాలు అడగాల్సింది బ్రిటిష్, ఐరిష్, కామన్వెల్త్ దేశాల వాళ్లు కాని అతిథుల్నే. మన దేశం కామన్వెల్త్‌లో, అంటే ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ పాలిత దేశాలున్న కూటమిలో ఉంది. ఆ లెక్కనే ఇక్కడ చదువుకునే భారతీయులకి ఈ దేశపు ఎన్నికల్లో ఓటు కూడా ఉంది. ఇక వీసా అంటారా, అద్దె ఇంటికి దిగేటప్పుడు ఓనర్ అడగాలి గానీ, రెండు రోజుల విడిదికి దాంతో పనే లేదు.

తిరిగి లోపలికెళ్లి మేనేజర్‌ని పిలవమన్నాను. ఆవిడ చాలాసేపటికి వచ్చింది. ఫోన్ ఆవిడ చేతికిచ్చి ఆ పేరా చదవమన్నాను. ఒకసారి చదివింది, మళ్లీ చదివింది. ఏమీ అనకుండా కౌంటర్ వెనక్కెళ్లి తాళం తీసి బల్ల మీద పెట్టింది. సారీ అన్న మాట ఆవిడ నోట రాలేదు, ఆ కుర్రాడి నోటా రాలేదు. నా గొంతు ఎక్కడా వణకలేదు, ఆ సంగతి గర్వంగానే చెప్పుకుంటాను.

ఇంటికి ఫోన్ చేసి ఇదంతా చెప్తే నాన్న, "ఊరుగాని ఊళ్లో నీకెందుకమ్మా గొడవ" అన్నారు. మన సీనియర్లదీ ఇదే మాట, ఎక్కడికెళ్లినా పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకో, ఎవరేమడిగినా చూపించు అని. ఆ సలహా మీద నాకు చాలా కోపం. బీచ్‌లో అది పోతే పోలీసు రిపోర్టు, హైకమిషన్‌కి దరఖాస్తు, కొత్తది వచ్చేదాకా ఎదురుచూపులు పడాల్సింది మనం. ఇల్లు తాకట్టు పెట్టి చదువుకోవడానికొచ్చాం, ఫీజు కట్టాం, పన్ను కడుతున్నాం. మనకున్న హక్కుని అడగడం గొడవ పెట్టుకోవడం ఎలా అవుతుంది?

ఆదివారం పొద్దున రాయల్ పెవిలియన్‌కి వెళ్లాం. 1914 చివర్లో ఆ రాజభవనాన్ని, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడి గాయపడ్డ మన సైనికులకి ఆసుపత్రిగా మార్చారు. మతాన్ని బట్టి, ఆచారాన్ని బట్టి వేర్వేరు వంటశాలలు పెట్టారు. అక్కడి నుంచి బస్సులో పాచం దాకా వెళ్లి, గొర్రెలు మేసే కొండ మీదకి నడిచాం. పైన ఛత్రి అనే తెల్లటి పాలరాతి స్మారకం ఉంది. చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని దహనం చేసింది అక్కడే. 1921లో ఆ స్మారకాన్ని ఆవిష్కరించారు. కారు దానిదాకా వెళ్లదు, కాలిబాటే. నీళ్ల సీసా పట్టుకెళ్లండి. పైకెక్కాక అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వీళ్లని పాస్‌పోర్టులు అడిగారంటావా?" అంది.

తిరుగు ప్రయాణంలో పట్టాల పనుల వల్ల సగం దారి రైలుకి బదులు బస్సెక్కించారు. ఇక్కడ ఆదివారాలు ఇది మామూలే. బయల్దేరేముందు చూసుకోండి.

రాత్రి ఇంటికి రాగానే గెస్ట్‌హౌస్‌కి ఫిర్యాదు రాశాను. ఇవాళ పొద్దున జవాబొచ్చింది, "సిబ్బందికి వివరిస్తాం" అని ఒక్క వాక్యం. ఆ నిబంధనని ప్రింట్ తీసి కౌంటర్ మీద అంటించమని, ఫొటో పంపమని, మా ఇద్దరికీ రాతపూర్వకంగా క్షమాపణ చెప్పమని మళ్లీ రాశాను. వాళ్ల జవాబు ఇంకా రాలేదు.