చివరికి అమెరికా టీవీలో పెళ్లి డీవీడీ బొమ్మ పడింది

ఊళ్లో తీయించిన పెళ్లి డీవీడీ అమెరికాలో ఆడకపోతే అందరూ చెప్పేది ఒకటే: ‘రీజియన్ వేరండీ’. ఇక్కడి షాపువాడూ అదే చెప్పి రీజియన్ ఫ్రీ ప్లేయర్ అంటగట్టాడు. బొమ్మ పడలేదు. పడదు కూడా. రీజియన్ అంటే ఒక ప్రాంతం డిస్కు ఇంకో ప్రాంతం ప్లేయర్లో ఆడకుండా వేసే తాళం. స్టూడియోవాళ్లు బర్న్ చేసిచ్చే డిస్కుకి మామూలుగా ఆ తాళమే ఉండదు. అమెరికా 1, ఇండియా 5 అనే గొడవ కంపెనీలు అచ్చేసి అమ్మే డిస్కులది.

అసలు అడ్డం పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే రెండు టీవీ పద్ధతుల తేడా. మన పాల్‌లో ఫ్రేముకి 576 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. అమెరికా ఎన్‌టీఎస్‌సీలో 480 గీతలు, 29.97 ఫ్రేములు. మరి తెలుగు సినిమా డీవీడీలు ఇక్కడ ఆడుతున్నాయిగా అంటారు. వాటిలో చాలావాటిని ఎన్‌టీఎస్‌సీలోనే, అన్ని రీజియన్లకూ పనికొచ్చేలా వేశారు. ఇది తెలియకపోవడం తప్పు కాదు. తెలియకుండానే తెలిసినట్టు చెప్పి డబ్బు తీసుకోవడం అన్యాయం.

తెర చూస్తే సంగతి తెలిసిపోతుంది. రీజియన్ తప్పని మెసేజ్ వస్తే రీజియనే. పాత ట్యూబు టీవీలో బొమ్మ నలుపు తెలుపుగా పైకి దొర్లిపోతుంటే ప్లేయర్ పాల్‌ని మార్చకుండా పంపుతోందన్నమాట. ఒక్కో ఫ్రేముని రెండు సగాలుగా, సెకనుకి దాదాపు 60 సార్లు గీసే అమెరికా టీవీకి 50 అందితే బొమ్మ నిలవదు. రంగు సిగ్నల్ 3.58 మెగాహెర్ట్జ్ బదులు 4.43లో వస్తే రంగు దొరకదు. కొత్త టీవీకి హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో కలిపినప్పుడు ‘సిగ్నల్ లేదు’ అంటే ఆ టీవీ 50 హెర్ట్జ్ ఒప్పుకోవడం లేదేమో చూడాలి. బొమ్మ పడినా కింద పేర్లు తెగిపోతే, ప్లేయర్ 576 గీతల్ని కుదించకుండా 96 కోసేసింది.

డిస్కు బయటికి తీసి ప్లేయర్ సెటప్‌లోకి వెళ్లండి. డిస్కు తిరుగుతుంటే చాలా ప్లేయర్లలో ఆ పేజీ తెరుచుకోదు. టీవీ సిస్టమ్ ‘మల్టీ’లో ఉంటే వచ్చింది వచ్చినట్టే పంపుతుంది. దాన్ని ‘ఎన్‌టీఎస్‌సీ’ చేయండి. హెచ్‌డీఎమ్‌ఐ అయితే 720పీ లేదా 1080ఐ, 60 హెర్ట్జ్ పెట్టండి. బొమ్మ అడ్డంగా కదిలేచోట కొంచెం కుదుపు ఉంటుంది, 25 ఫ్రేములు 60లో సమంగా సర్దుకోవు కాబట్టి. మార్చే ఏర్పాటే లేని ప్లేయర్ని మొహమాటపడకుండా వాపసు ఇచ్చేయండి. కొనేటప్పుడు అట్టపెట్టె మీద ‘ఆల్ రీజియన్’ ఒక్కటే చాలదు, పాల్‌ని ఎన్‌టీఎస్‌సీగా మారుస్తుందని కూడా రాసి ఉండాలి.

ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో సాఫ్ట్‌వేర్ అయితే ఈ బాధ లేదు. కానీ రీజియన్ ఉన్న డిస్కు పెట్టినప్పుడు డ్రైవు రీజియన్ మార్చమని కంప్యూటర్ అడిగితే ఊరికే ఓకే నొక్కకండి. డ్రైవులో 5 సార్లే మారుతుంది, ఆఖరుసారి పెట్టింది అలాగే బిగిసిపోతుంది.

స్టూడియోవాళ్లని ఎన్‌టీఎస్‌సీ డిస్కు అడగొద్దు. హడావిడిగా మార్చి బొమ్మ పాడుచేస్తారు. పాల్ అసలు ఫైళ్లే పెన్‌డ్రైవులో తీసుకోండి. డిస్కే ఇస్తే ఫైనలైజ్ (వేరే ప్లేయర్లలోనూ ఆడేలా రాత ముగించడం) చేయించండి, పైన కాగితం స్టిక్కర్ అంటించనివ్వకండి. తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకి లాగుతుంది.

డిస్కు చేతికి రాగానే అందులో వీడియో ఉండే వీడియో_టీఎస్ ఫోల్డరు మొత్తం కంప్యూటర్లోకి కాపీ చేసి, హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎంపీ4 ఫైలు చేసుకోండి. ఫ్రేము రెండు సగాల్నీ కలిపే డీఇంటర్‌లేస్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలొస్తాయి. ఫ్రేమ్ రేటు 25 దగ్గరే ఉంచండి, 29.97 చేస్తే తలంబ్రాలు పోసేచోట కుదుపు ఫైల్లోనే ఉండిపోతుంది.