మోటారు మ్యాగ్నెట్ బలం తేలేది డైలోనే

నియోడిమియం మ్యాగ్నెట్ బలం తక్కువొస్తే అందరి చూపూ ముందు ఫర్నేస్ మీదే పడుతుంది. నా అనుమానం, పౌడర్‌ను డై అనే అచ్చులో పోసి అయస్కాంత క్షేత్రం (ఫీల్డ్) పెట్టి నొక్కే ప్రెస్ మీద. పౌడర్ రేణువులన్నీ ఒకే దిక్కుకు తిరగాల్సింది అక్కడే. అక్కడ తప్పిన దిక్కును తర్వాత ఏ వేడీ సరిచేయదు.

జెట్ మిల్లులో పౌడర్‌ను 3 నుంచి 5 మైక్రాన్లకు దంచేది ప్రతి రేణువూ ఒకే స్ఫటికం కావాలనే. రేణువులో రెండు స్ఫటికాలు మిగిలితే ఒకటి ఫీల్డ్ వైపు తిరిగినా రెండోది పక్కచూపే. గాలి తగిలితే ఈ పౌడర్‌కు నిప్పంటుకుంటుంది, కాబట్టి డై నింపడం, నొక్కడం నైట్రోజన్‌లోనే.

1.5 నుంచి 2 టెస్లా ఫీల్డ్ పెట్టి, రేణువులు తిరిగాక, ఫీల్డ్ తీయకుండానే పౌడర్‌ను నొక్కే పంచ్ దించాలి. డైని కుక్కి నింపితే రేణువులు ఒకదాన్నొకటి పట్టేసుకుని తిరగవు. మరీ వదులైతే ఇనుపరజనులా గొలుసులు కట్టి మధ్యలో ఖాళీలొస్తాయి. పంచ్ దిగగానే ఆ గొలుసులు ఒరిగిపోతాయి. లూబ్రికెంట్ కొంచెం కలిపితే తిరగడం తేలిక. ఎక్కువైతే కార్బన్ మిగిలి, వేడిలో నిలిచే శక్తి పడిపోతుంది. ఫీల్డ్‌కు అడ్డంగా నొక్కడమే మేలు. ఫీల్డ్ దిక్కునే నొక్కితే పంచే రేణువులను పక్కకు వాల్చేస్తుంది. డై గోడలు మ్యాగ్నెట్ అంటుకోని లోహంతో ఉండాలి. మామూలు టూల్ స్టీల్ వాడితే ఫీల్డ్ గోడల్లోకి వంగి, అంచుల్లోని రేణువులు వంకరపోతాయి.

రేణువులన్నీ 10 డిగ్రీలు ఒరిగితే పోయేది 1.5 శాతం ఫ్లక్సే (అయస్కాంత బలమే). 20 డిగ్రీలైతే 6 శాతం. అసలు తిరగకపోతే మిగిలేది సగమే. విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ చేసే సమేరియం-కోబాల్ట్ మ్యాగ్నెట్లకూ ఈ లెక్క మారదు.

నొక్కాక రివర్స్ ఫీల్డ్‌తో డీమ్యాగ్నెటైజ్ చేయకుండా, అంటే అయస్కాంతత్వం తీసేయకుండా, పౌడర్ దిమ్మను బయటికి తీయొద్దు. పక్క దిమ్మకు అతుక్కుని అంచులు రాలతాయి.

దిమ్మను ఫర్నేస్‌లో కాల్చి గట్టిపరిచే సింటరింగ్ సుమారు 1050 డిగ్రీల దగ్గర. 312 డిగ్రీలు దాటగానే అయస్కాంతత్వం పోతుంది కదా, మరి పెట్టిన ఫీల్డంతా వృథాయేనా? కాదు. పోయేది అయస్కాంతత్వమే, స్ఫటికాల దిక్కు అలాగే ఉంటుంది. చివర్లో కెపాసిటర్ బ్యాంక్‌తో ఒక్క పల్స్ ఇస్తే మళ్లీ ఎక్కుతుంది.

ఆ పల్స్ దాకా ఆగకుండానే సంగతి పట్టేయొచ్చు. సింటరింగ్‌లో దిమ్మ ఫీల్డ్ దిక్కున ఎక్కువ, అడ్డంగా తక్కువ కుంచించుకుపోతుంది. అదే డైలో వచ్చిన మంచి లాట్ కొలతలు పక్కన పెట్టుకుని వెర్నియర్‌తో కొలవండి. రెండు దిక్కుల తేడా తగ్గిందంటే రేణువులు సరిగా తిరగలేదన్నమాట.