లైట్లేస్తే వేడెక్కే కారు: బేస్‌మెంట్‌లో నా 4 నెలల భాగోతం

నిన్న రాత్రి బెంగళూరులో మారతహళ్ళి నుంచి దేవనహళ్ళి దాకా వెళ్ళి, అక్కడ కాఫీ తాగి, లైట్లేసుకునే వెనక్కొచ్చా. టెంపరేచర్ ముల్లు సగం దగ్గర కూర్చుంది, వెళ్ళేటప్పుడూ అక్కడే, వచ్చేటప్పుడూ అక్కడే. ఈ ఒక్క మాట చెప్పగలగడానికి నాకు 4 నెలలు, చాలా డబ్బు, అంతకన్నా ఎక్కువ పరువు ఖర్చయ్యాయి. అందుకే చల్లారకముందే రాసేస్తున్నా.

కారు శాన్ స్టార్మ్, 2004 మోడల్. చాలామందికి పేరే తెలీదు, సిగ్నల్ దగ్గర ఆటోవాళ్ళు ఇది ఏ దేశం బండి సార్ అని అడుగుతారు, గోవా అంటే నమ్మరు. గోవాలోనే తయారైంది, రెండే సీట్లు, ఫైబర్ బాడీ, ముందు రెనో వాళ్ళ 1149 సీసీ ఇంజిన్, 60 హార్స్ పవర్. ఇప్పటి చిన్న హ్యాచ్‌బ్యాక్‌లు కూడా దీన్ని దాటేసి పోతాయి. పోనీండి. టాప్ తీసేసి పొద్దున్న ఆరింటికి నంది హిల్స్ రోడ్డులో వెళ్తుంటే దాటినవాడే వెనక్కి తిరిగి చూస్తాడు.

తేలికగా అయిపోయినవి ముందు చెప్పేస్తా. ఆర్సీ రెన్యువల్ 2024లో చేయించా, అప్పటికి ఫీజు 5,000, ఇప్పుడు 20 ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు కాబట్టి నాది టైమింగ్ అంటే టైమింగ్. టైర్లకి గీతలు బాగానే ఉన్నాయి కానీ పక్కన ఉండే నాలుగంకెల కోడ్ చూస్తే 1214 అని ఉంది, అంటే 2014లో 12వ వారం, రబ్బరు చెక్కలాగా అయిపోయింది, నాలుగూ మార్చేసా. పెట్రోల్ గొట్టాలు కూడా మార్చా, ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపింది, పాత రబ్బరు దానికి తట్టుకోదు, నా గొట్టం వంచితే సన్నగా పగుళ్ళు కనపడ్డాయి. జేసీ రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో అడిగితే మామూలు గొట్టం ఇచ్చేస్తారు, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి వేసేది 30ఆర్9 అని దాని మీదే అచ్చేసి ఉంటుంది, చూసి తీసుకోండి. బ్రేక్ ఆయిల్ డాట్ 4 పోసా. ఇవన్నీ రెండు ఆదివారాల పని.

ఇక అసలు కథ. మార్చిలో ఒక సాయంత్రం టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నా, చీకటి పడిందని లైట్లేసా, ఐదు నిమిషాల్లో చూస్తే ముల్లు ఎరుపు దగ్గర ఉంది. గుండె జారిపోయింది. హీటర్ ఫుల్‌గా పెడితే ఇంజిన్ వేడి లాగేస్తుందని తెలుసు కాబట్టి పెట్టా, అసలే ఎండాకాలం, చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది, పక్క బైకువాడు అద్దం లోంచి చూసి నవ్వుతున్నాడు. పక్కకి ఆపి ఇంజిన్ కట్టేసి, పది నిమిషాలాగి తాళం తిప్పితే ముల్లు కిందికొచ్చేసింది. చల్లారింది అనుకున్నా. ఇక్కడ ఒకసారి ఆగండి, నేను ఆరోజు ఆగి ఆలోచించి ఉంటే ఈ పోస్టే లేదు. తాళం తిప్పినప్పుడు లైట్లు ఆర్పేసే ఉన్నాయి. అది నాకు తట్టలేదు.

గ్యారేజ్‌కి తీసుకెళ్ళా. పేరు వద్దు, ఫారిన్ కార్లు మాత్రమే చూస్తాం అని బోర్డు పెట్టుకుని గోడ మీద రేసు ఫొటోలు తగిలించుకునే రకం. థర్మోస్టాట్ అన్నాడు, మార్చాడు. పగలు డ్రైవ్ చేసి చూపించాడు, బ్రహ్మాండంగా ఉంది. సాయంత్రం ఇంటికొస్తుంటే మళ్ళీ ఎరుపు. రేడియేటర్ పూడిపోయింది అన్నాడు, విప్పి కడిగించాడు. మళ్ళీ అదే. వాటర్ పంప్ అన్నాడు, ఎలాగూ విప్పుతున్నాం కదా అని టైమింగ్ బెల్ట్ కూడా. టెంపరేచర్ సెన్సర్ కూడా. 23,400 అయ్యాక చేతులు తుడుచుకుంటూ, "సార్, హెడ్ గ్యాస్కెట్ హోగిదె, ఇంజిన్ ఇళిస్బేకు" అన్నాడు. అంటే హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజిన్ దింపాలని. అది ఇంజిన్ తలకీ మొండేనికీ మధ్య ఉండే సీలు, పోతే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి రావాలి, వెనక తెల్లపొగ రావాలి, లేదా కూలెంట్ ట్యాంకులో బుడగలు రావాలి. ఒక్కటీ లేదు. ఏది చూసి చెప్తున్నావ్ అంటే, ఎక్స్‌పీరియెన్స్ సార్ అన్నాడు. ఎవడైనా ఎక్స్‌పీరియెన్స్ అనే పదంతో ఇంజిన్ దింపుతానంటే బండి తీసుకుని వచ్చేయండి.

తెచ్చి బీ2 బేస్‌మెంట్‌లో పెట్టా, కవర్ కప్పా. నెల తిరిగేసరికి మా అసోసియేషన్ గ్రూపులో ఫొటో, కింద 'అబాండన్డ్ వెహికల్, ఓనర్ ఎవరు?' అని. నా ఫ్లాట్ నంబర్ అందరికీ తెలుసు, అయినా ఓనర్ ఎవరు అని. అద్దం మీద నోటీసు కూడా అంటించారు, మామూలు టేప్ కాదు, ఫెవికాల్ లాంటిదేదో. సెక్రటరీ గారు లిఫ్ట్‌లో కనపడి, "బాబూ, మీరు ఇంజనీర్ కదా, ఆ బండి అమ్మేయొచ్చుగా" అన్నారు. ఈ రెంటికీ సంబంధం ఏంటో నాకిప్పటికీ తెలీదు.

ఆ ఇంజనీర్ అన్న మాట పట్టుకుని నేనే దిగా. చిప్ కంపెనీలో 11 ఏళ్ళుగా టెస్టింగ్ నా పని, బోర్డు మీద మిల్లీవోల్టు తేడా వస్తే రాత్రంతా కూర్చుని పట్టుకునేవాణ్ణి. ఎస్పీ రోడ్డుకి వెళ్ళి మంచి మల్టీమీటర్ కొన్నా. ఫైబర్ బాడీకి కరెంటు పారదు, మామూలు రేకు కార్లలో అయితే బాడీయే తిరుగుదారి, దీంట్లో ప్రతి లైటుకీ ఎర్త్ వైరు విడిగా వెనక్కి రావాలి. అది తెలుసు నాకు. అందుకే ఎర్త్‌లన్నీ చెక్ చేసా కూడా, మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, అంటే వైరు ఎక్కడా తెగకపోతే బీప్‌మంటుంది, అన్నిచోట్లా బీప్‌మంది. ఎర్త్ ఓకే అని నోట్‌బుక్‌లో టిక్కు పెట్టుకున్నా. ఆ టిక్కు ఇంకా ఉంది, చూసినప్పుడల్లా చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

జూన్‌లో మా బాబాయి వచ్చారు, ఆర్టీసీ డిపోలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు, తమ్ముడి గృహప్రవేశానికి వచ్చి రెండ్రోజులు మా ఇంట్లో ఉన్నారు. భోంచేసాక కిందికి దిగి, లుంగీ ఎగ్గట్టి, స్టార్ట్ చెయ్యరా అన్నారు. లైట్లెయ్యి. ముల్లు లేచింది. ఆయన రేడియేటర్ పైగొట్టాన్ని గుడ్డతో పట్టుకుని పిసికారు.

"మెత్తగానే ఉందిరా. నిజంగా ఎర్రగీత దాకా కాగితే ఇది రాయిలా ఉండాలి. లైట్లు ఆర్పు."

ఆర్పా. ముల్లు టపీమని దిగింది. ఇంత నీళ్ళు, ఇంత ఇనుము అర సెకనులో ఎలా చల్లారతాయిరా అని ఆయన అడగలేదు, నా మొహం వైపు చూసారంతే. తర్వాత ఇండికేటర్ వెయ్యమన్నారు. టిక్కు టిక్కుకీ ముల్లు కూడా ఎగిరింది, చిన్నపిల్లలు మంచం మీద గెంతినట్టు.

"ఎర్త్ చూసావా?"

"చూసా బాబాయ్, బీప్ వచ్చింది."

"బీప్‌కేంటి, దానికి చీమ తలకాయంత కరెంటు చాలు. లోడు మీద చూసావా?"

నోరు పెగల్లేదు. నేను ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారం చెప్పే పాఠం అది. మీటరు బీప్ కోసం పంపేది మిల్లీయాంపులు, తుప్పు పట్టిన బోల్టు లోంచి కూడా అది దూరిపోతుంది. రెండు 55 వాట్ల బల్బులు లాగేది 9 యాంపులు. లైట్లు వెలుగుతుండగా మీటర్‌ని డీసీ వోల్ట్స్‌లో పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది లైటు ఎర్త్ వైరు చివర పెట్టాలి, 0.2 లోపు ఉండాలి. నాకు 1.8 చూపించింది. డాష్‌బోర్డు మీటర్లకీ అదే ఎర్త్, అందుకని లైట్లెయ్యగానే మీటరు కాళ్ళకింద నేల 1.8 వోల్టులు పైకి లేచి, ముల్లు అబద్ధం చెప్పింది. ఇంజిన్ ఒక్కరోజు కూడా వేడెక్కలేదు. అంటే టిన్ ఫ్యాక్టరీ దగ్గర నేను హీటర్ పెట్టుకుని ఉడికింది ఉత్తి పుణ్యానికి.

ఎడమ పక్క హెడ్‌లైట్ వెనక ఒకే బోల్టుకి ఐదు ఎర్త్ వైర్ల రింగులు, ఎప్పుడో పెయింట్ వేయించినప్పుడు ఆ బోల్టు మీద కూడా పెయింట్ కొట్టేశారు, విప్పితే లోపల పచ్చగా చిలుము. నీళ్ళ కాగితంతో (సన్నటి గరుకు కాగితం) రుద్ది, కొత్త రింగులు వేసి, అక్కడి నుంచి బ్యాటరీకి నేరుగా ఇంకో లావు వైరు లాగి, పైన వాజెలిన్ పూసాం. నలభై నిమిషాలు, 140 రూపాయలు. మళ్ళీ కొలిస్తే 0.06.

ఆ ఊపులో అప్‌గ్రేడ్ కూడా చేసేసా, ఇది పాత కారున్న ప్రతివాళ్ళూ చేసుకోదగ్గది. హెడ్‌లైట్ కరెంటంతా స్విచ్ లోంచి పోయి వస్తుంటే దారిలోనే సగం చచ్చిపోతుంది, రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చులు) పెట్టి, బ్యాటరీ దగ్గర 20 యాంపుల ఫ్యూజు పెట్టి, 2.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగితే స్విచ్ రిలేని మాత్రం లేపుతుంది. బల్బు దగ్గర 10.3 వోల్టులు ఉన్నది 13.2 అయింది, అదే బల్బు, వెలుగు మాత్రం తెల్లగా రోడ్డంతా పరుచుకుంది. షాపువాళ్ళు 100 వాట్ల బల్బు అంటగడతారు, హోల్డర్ కరిగిపోతుంది, ఎదుటివాడి కళ్ళు పోతాయి, వద్దు. గ్యారేజ్‌కి 1.8 వోల్టుల ఫొటో పంపా, రెండు నీలి టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు.

అద్దం మీద నోటీసు గమ్ము ఇంకా పోలేదు, కిరోసిన్‌తో రుద్దుతున్నా. ఇందాకే బాబాయి ఫోన్ చేసి, ఎర్త్‌కి నల్ల వైరే వేసావుగా అని అడిగారు. వేసా బాబాయ్ అన్నా. నల్లది అయిపోయిందని చివరి అడుగున్నర ఆకుపచ్చది అతికా, ఆయన మళ్ళీ వచ్చేలోపు మార్చాలి.