కోచింగా? ఏ పరీక్షకే?

ఆదివారం నాలుగయ్యేసరికి ఫోన్ పట్టుకుని మేడ మీదికి పోతున్నానని మా అత్త కనిపెట్టింది. ఏటని అడిగితే కోచింగ్ అన్నాను. "నలభై రెండేళ్లొచ్చాక డీఎస్సీ రాస్తావేటే?" అంది. ఆవిడ తప్పేం లేదు. మా శ్రీకాకుళం జిల్లాలో కోచింగ్ అంటే కానిస్టేబుల్ పోస్టుకో, గ్రూప్ టూకో, లేదా పెట్టె సర్దుకుని అవనిగడ్డ పోయి డీఎస్సీకో తీసుకునేదే. ఏ పరీక్షా లేకుండా నెలకి రెండుసార్లు ఒక మనిషితో గంట మాట్లాడి, దానికి మళ్లీ డబ్బు కట్టడమంటే ఎవరికి మింగుడుపడుతుంది? మా ఆయనైతే "ఆ డబ్బెడితే జీడిపిక్కలొచ్చేవి కదా" అని ఇప్పటికీ అంటాడు.

పలాసలో మాది చిన్న జీడి యూనిట్. 28 మంది పనిచేస్తారు. 2018 అక్టోబర్ 11న తెల్లారేలోపు తిత్లీ తుఫాను ఉద్దానం తోటల్ని ఊడ్చేసింది. మావయ్య ఆ తర్వాత మళ్లీ కోలుకోలేదు, యూనిట్ తాళాలు నా చేతికొచ్చాయి. అప్పట్నుంచి పిక్కల బేరం, బాయిలర్, కటింగ్, పీలింగ్, గ్రేడింగ్, బ్యాంకు, లారీ అన్నీ నేనే. "నేను ఒక్కపూట లేకపోతే అక్కడ ఏదీ నడవదు" అని చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకునేదాన్ని. రెండేళ్లలో ముగ్గురు మంచి కటింగ్ వాళ్లు మానేశారు, నాకు బీపీ మాత్ర మొదలైంది. ఈ రెండిటికీ ఆ గొప్పకీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు.

ఈ కోచింగ్‌కి ముందు ఒక హోటల్లో వ్యక్తిత్వ వికాసం క్లాసుకి వెళ్లాను. రోజంతా చప్పట్లు కొట్టించారు, అద్దంలో చూసుకుని "నేను సాధిస్తాను" అనమన్నారు. మర్నాడు బాయిలర్ దగ్గరికెళ్తే అదే నేను, అదే అరుపు. అందుకే ఈసారి కాస్త విచారించాను. మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అని 1995లో మొదలైన సంస్థ ఒకటుంది. అది సర్టిఫికెట్ ఇవ్వాలంటే శిక్షణతో పాటు కోచింగ్ చేసిన గంటలు కూడా చూస్తుంది. మొదటి మెట్టు ఏసీసీకి కనీసం 100 గంటలు, దాని పైది పీసీసీకి 500, అన్నిటికన్నా పైది ఎంసీసీకి 2500. నాకు దొరికినావిడ విశాఖలో ఉద్యోగం చేసి రిటైరైన మేడమ్, పీసీసీ ఉంది. జీడి గురించి ఆవిడకి తెలిసిందల్లా ఉప్మాలో వేసుకోవడమే. "మరి నాకేం చెప్తారండీ?" అని మొహమాటం లేకుండా అడిగేశాను. "చెప్పను, అడుగుతాను" అంది.

మొదటి నెల ఒళ్లు మండింది. నేనొక సమస్య చెప్తే ఆవిడ ఒక ప్రశ్న వేసి ఊరుకునేది. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయేదాన్ని, ఏదో ఒకటి వాగేసేదాన్ని. అలా వాగినవాటిలోంచే నిజాలు బయటికొచ్చాయనుకోండి, అది వేరే సంగతి. ఒకరోజు చిన్న పని అప్పగించింది. వారం పాటు, ఎవరైనా వచ్చి ఏదైనా అడిగినప్పుడల్లా చీటీ మీద ఒక గీత గీయమంది. శుక్రవారం ఒక్కరోజే 46 గీతలు! డ్రయ్యర్ కట్టీమంటారా, సంచులు ఎక్కడెట్టమంటారా, టీ తేమంటారా... టీ కూడా! "వీటిలో వాళ్లకి జవాబు తెలియనివెన్ని?" అని అడిగింది మేడమ్. లెక్కపెట్టాను. ఆరు.

సోమవారం, పిక్కలు ఉడికించే బాయిలర్ దగ్గరుండే మావ వచ్చాడు. మా మావయ్య పెళ్లికి ముందునుంచి అక్కడే ఉన్న మనిషి. "అమ్మా, దించీమంతారా?" అన్నాడు. దించు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి, "నీకేటనిపిస్తంది మావా?" అన్నాను. నాకు ఒంట్లో బాగోలేదేమో అన్నట్టు చూశాడు. తర్వాత ఒక పిక్క తీసి రెండు చేతుల్లో మార్చుకుంటూ ఊదుకుని, రాయి మీద పెట్టి కొట్టాడు. పప్పుని బొటనవేలి గోరుతో నొక్కి చూశాడు. "ఇంకో రెండు నిమసాలుండాల. మొన్న బేగి దించీసినాం గదా, కటింగ్‌లో ముక్క ఎక్కువడిపోనాది." మొన్న దించమన్నది నేనే. ముక్క ధరకీ గుండు పప్పు ధరకీ ఎంత తేడానో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. "మరి మొన్నే చెప్పలేకపోయావా?" అన్నాను. "మీరడగనేదు గదమ్మా" అన్నాడు, నెమ్మదిగానే.

ఆ రాత్రి అన్నం సయించలేదు.

మా పుట్టిల్లు ఆమదాలవలస. కరణం మల్లీశ్వరి గారి ఊసవానిపేట మాకు దగ్గరే. 2000లో సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి ఆవిడ కాంస్యం గెలిచినప్పుడు నాకు పదిహేడేళ్లు. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మా పక్కూరి పిల్లని ఎంత ఎగిరామో! అందరూ ఆవిడ గురించి మాట్లాడుతుంటే మా నాన్న మాత్రం ఆవిడ కోచ్ నీలంశెట్టి అప్పన్న గారి సంగతి ఎత్తేవాడు. "బరువెత్తీటప్పుడు తన మోసెయ్యి తనకి అగుపడదు గదా. ఎవుడో పక్కన నిలబడి సూడాల" అనేవాడు. అప్పుడు వినీవిననట్టు ఊరుకున్నాను. బాయిలర్ మావ జవాబు విన్న రాత్రి ఆ మాట గుర్తొచ్చింది.

అన్నీ చక్కబడ్డాయని అనను. మా ఆయనతో లెక్కల దగ్గర గొడవ అలాగే ఉంది. ఆ సంగతి మేడమ్‌తో మూడుసార్లు మాట్లాడాను, మూడుసార్లూ నేనే తప్పించుకున్నాను. మధ్యలో రెండు నెలలు మానేసి మళ్లీ వెళ్లాను కూడా. పైగా 46 గీతలు 20కి రావడానికి ఏడు నెలలు పట్టింది.

మొన్న సోంపేటలో చుట్టాలింట పెళ్లి. అదే రోజు డబ్ల్యూ-240 గ్రేడు గుండు పప్పు సరుకు ప్యాకింగ్ అయ్యి లారీ ఎక్కాలి. యూనిట్‌ని గ్రేడింగ్ బల్ల దగ్గరుండే అప్పకి అప్పజెప్పి వెళ్లాను. మధ్యాహ్నమైంది, ఫోన్ మోగలేదు. నేనే చేశాను. లోడవుతోంది అంది. మళ్లీ చేశాను, మూడోసారీ చేశాను.

"ఓలమ్మ, మీకక్కడ పనేటీ నేదేటి?" అంది అప్ప. "అచ్చింతలేసి అన్నం తినీసి రండి, బేగి రానక్కర్నేదు" అని ఫోన్ పెట్టేసింది.