పెన్‌గంగ నుండి పోచంపాడు దాకా

నిన్న రాత్రి పాండర్‌కవడా దాటిన తరువాత రహదారి పక్కనున్న ఒక పెట్రోలు బంకులో మా క్యారవాన్ బండి నిలుపుకొని అందులోనే పడుకున్నాము. హనుమకొండలోని ఇంటికి తిరుగు ప్రయాణం ఇది. తెల్లవారుజామున లేచేసరికి కిటికీ అద్దాలన్నీ లోపలి వైపు చెమర్చి, ఆ తడి ధారలు కట్టి పరుపు అంచు దాకా దిగింది. నవంబరు చలికి భయపడి ఇద్దరు మనుషులు తలుపులు, కిటికీలు బిగించుకొని అంత చిన్న గదిలో రాత్రంతా నిద్రపోతే, వదిలిన ఊపిరి అంతా అద్దాల మీదకే చేరుతుంది. కప్పు మీది చిన్న కిటికీని రెండంగుళాలైనా తెరిచి ఉంచాలని నేను, తెరిస్తే తలలో చలి దూరి మంచాన పడతామని మావారు, శ్రీనగర్‌లో మొదలుపెట్టిన ఈ వాదన ఆదిలాబాదు పొలిమేరకు వచ్చినా తేలలేదు. పాత నూలు చీర ముక్కతో అద్దాలు తుడవడం మాత్రం రోజూ నా వంతుకే వస్తున్నది.

ఈ రోజును నడిపించింది నిజానికి చలి కాదు, నీళ్లు. మా బండిలో మంచినీళ్ల ట్యాంకు 120 లీటర్లది. ఎన్ని నీళ్లు మిగిలాయో చూపడానికి వంటగట్టు పైన నాలుగు చిన్న దీపాలు ఉంటాయి. ఉదయం వాటిలో చివరి ఎర్ర దీపం ఒక్కటే వెలుగుతున్నది. బంకులో ఉన్న బోరు నీళ్లను నోట పోసి చూస్తే ఉప్పగా ఉన్నాయి. అవి ట్యాంకులోకి ఎక్కిస్తే గొట్టాలలో తెల్లని పొర కడుతుందని మావారు వద్దన్నారు. కనుక స్నానాలు వాయిదా పడ్డాయి. రెండు గ్లాసుల చాయకు, రాత్రి నానబెట్టిన పెసలు రుబ్బుకోవడానికి, ముఖాలు కడుక్కోవడానికి ఉన్న నీళ్లను నేను మనసులో పంచుకున్నాను.

మావారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఉద్యోగ జీవితమంతా క్యూసెక్కులలో మాట్లాడిన మనిషి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు నీరు. ఆ లెక్కన మా ట్యాంకు అయిదు సెకన్లలోపే నిండి పొర్లిపోవాలి. ప్రయాణం మొదట్లో ఆయన గడ్డం గీసుకుంటూ నల్లా తిప్పి వదిలేసేవారు. రాజస్థాన్‌లో బార్మేర్ వైపు వెళ్తుండగా ఒక దాబా యజమాని, రొట్టెలు ఎన్ని తిన్నా అభ్యంతరం లేదు గాని నీళ్లు మాత్రం ఒక్క బకెట్టుకు మించి ఇవ్వలేనని చేతులు జోడించి చెప్పిన తరువాత, ఆయన ఒక నోటుపుస్తకం కొని నీటి రిజిస్టరు మొదలుపెట్టారు. స్నానానికి ఎన్ని లీటర్లు, గిన్నెలకు ఎన్ని, వంటకు ఎన్ని అని కాలువ విడుదల లెక్కలు రాసినట్లే గళ్లు గీసి రాస్తున్నారు.

ఆ రిజిస్టరు చూసినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. నేను కొత్తగా టీచరుగా చేరిన ఊరిలో బడికీ మా అద్దె ఇంటికీ కలిపి ఒకటే బోరింగు ఉండేది. తెల్లవారకముందే వెళ్లి, వరుసలో నిలబడి, రెండు బిందెలు నింపుకొని వస్తే సాయంత్రం దాకా ఇంట్లో అందరికీ అవే నీళ్లు. బియ్యం కడిగిన నీళ్లతో కూరగాయలు కడగడం, ఆ నీళ్లనే మళ్లీ అంట్లకు మొదటి చేతికి వాడడం నేను ఏ పుస్తకంలోనూ రాయలేదు. అప్పటికే పెళ్లయి ఏడాది దాటింది. ఇంట్లో నీళ్లు ఎట్లా సరిపోతున్నాయో ఆయన ఒక్కసారీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు గిన్నెలను ముందుగా కాగితంతో తుడిచి తరువాత కడిగితే సగం నీళ్లు మిగులుతాయని ఆయన నాకే నేర్పుతున్నారు. నేర్చుకుంటున్నట్లే ముఖం పెడుతున్నాను.

ఏడున్నరకు బయలుదేరి పెన్‌గంగ వంతెన మీదికి వచ్చాము. వెళ్లేటప్పుడు గుజరాత్, రాజస్థాన్‌ల మీదుగా చుట్టుకొని వెళ్లినా, తిరుగు ప్రయాణంలో శ్రీనగర్ నుండి ఈ 44వ నంబరు జాతీయ రహదారినే పట్టుకున్నాము. కన్యాకుమారి దాకా సాగే ఈ దారి దేశంలో అన్నిటికన్నా పొడవైనది. మా కాలంలో నాగపూర్ నుండి ఆదిలాబాదు మీదుగా హైదరాబాదు వెళ్లే ఈ భాగాన్ని ఏడో నంబరు రోడ్డు అనేవారు. వంతెన దాటగానే తెలుగు బోర్డులు కనిపించాయి. పంజాబ్, హర్యానాలలో లారీల వెనుక రాతలు అర్థం కాక ఊరుకున్న దానిని, ఇక్కడ ఎరువుల దుకాణాల ప్రకటనలు సైతం పైకి చదువుకుంటూ కూర్చున్నాను. మావారు విసుక్కోలేదు.

టోల్ గేటు దగ్గర మామూలు తగాదా జరిగింది. మాది టెంపో ట్రావెలర్‌ను విప్పి లోపల మంచం, వంటగట్టు, మరుగుదొడ్డి బిగించి కట్టించుకున్న బండి కనుక, కొందరు దానిని మినీ బస్సుగా లెక్క వేస్తారు, కొందరు వ్యానుగా. ఫాస్టాగ్ ఏదో ఒకటి కోసుకుంటుంది. తక్కువ కోసిన చోట మావారు మాట్లాడరు, ఎక్కువ కోసిన చోట మాత్రం ఆర్‌సీ తీసుకొని దిగుతారు. ఈ రోజు దిగారు. ప్రయోజనం ఏమీ కలగలేదు.

ఆదిలాబాదు పట్టణం వెలుపల, పత్తి నింపుకొని మార్కెట్టు వైపు వెళ్తున్న ట్రాక్టర్లు, డీసీఎం వ్యాన్లు బారులు తీరిన చోట ఒక చెట్టు కింద ఆపి టిఫిను చేసుకున్నాము. బండిని ఎక్కడ నిలిపినా మొదటి పని నేల సమంగా ఉందో లేదో చూడడం. నేల వాలుగా ఉంటే ఫ్రిజ్ తలుపు దానంతట అది తెరుచుకుంటుంది, రాత్రి అయితే నిద్రలో ఇద్దరమూ ఒకే వైపుకు జారుతాము. మావారు వంటగట్టు మీద రసమట్టం పెట్టి, బుడగ నడుమకు వచ్చేదాకా చక్రాల కింద చెక్క పలకలు వేసి ముందుకూ వెనక్కూ నడుపుతారు. రసమట్టం సరిపోయిందని ఆయన ప్రకటించిన తరువాత కూడా నేను పెనం మీద పెసరట్టు పిండి పోసి చూస్తాను. అది ఈ రోజు కుడి వైపుకు పారింది. "నీ పెనమే వంకర" అన్నారు గాని, మళ్లీ వెళ్లి ఒక పలక చేర్చారు.

విద్యుత్తు పొయ్యి ఉన్నా, ప్రయాణంలో నేను దానిని ముట్టుకోవడం లేదు. కప్పు మీది సౌర పలకలు చలికాలపు ఎండకు బ్యాటరీని అంతంత మాత్రంగానే నింపుతాయి. ఆ పొయ్యి ఒక్క పూట వంటకే దానిలో చాలా భాగం తాగేస్తుంది. అయిదు కిలోల చిన్న గ్యాసు బండతోనే పని గడుస్తున్నది.

పెసరట్ల వాసనకో, బండి ఆకారానికో నలుగురు కుర్రవాళ్లు దగ్గరికి వచ్చారు. ఉత్తరాదిలో మా బండిని చూసి అంబులెన్సా అని అడిగినవారు ఉన్నారు, రక్తదాన శిబిరమా అని అడిగినవారు ఉన్నారు. మనవాళ్లకు క్యారవాన్ అంటే సినిమావాళ్లదే.

"సార్, షూటింగ్ ఏడ అయితుంది? లోపల హీరో ఉన్నడా?"

"హీరోయినే ఉన్నది బిడ్డా, అట్లు పోస్తున్నది" అన్నారు మావారు.

వాళ్లు నన్ను చూసి సిగ్గుపడి వెళ్లబోతుంటే పిలిచి తలా ఒకటి పెట్టాను. పిండి అయిపోయింది, గిన్నె కడగడానికి నీళ్లూ లేవు.

ఇచ్చోడ, నేరడిగొండ మీదుగా టేకు అడవులలో దారి బాగుంది. నాగపూర్‌కు పైన, పెంచ్ అడవి దగ్గర ఇదే రహదారిని స్తంభాల మీదికి ఎత్తి కట్టారు. పైన మన బండ్లు పోతుంటే కింద నుండి పులులు, దుప్పులు దాటుకుంటాయి. బండ్ల చప్పుడు, దీపాల వెలుగు కిందికి పోకుండా ఇరుపక్కలా గోడలు కూడా పెట్టారు. ఆ మాట ఎత్తి, మన అడవులలోనూ అట్లాంటివి కడితే బాగుండునని నేనంటే, ఖర్చు ఎంతవుతుందో ఆయన నోటితోనే అంచనా వేయడం మొదలుపెట్టారు. నిర్మల్‌లో ఆగి, పొనికి చెక్కతో చేసిన పండ్ల బొమ్మలు మనవరాలి కోసం కొన్నాము. బండిలో వాటికి చోటు లేక అవి మూడూ రైస్ కుక్కరులో ప్రయాణిస్తున్నాయి.

సోన్ దగ్గర గోదావరి దాటి పోచంపాడు చేరేసరికి రెండు గంటలయింది. ఆర్మూరు, జగిత్యాల, కరీంనగర్ మీదుగా హనుమకొండ రెండు వందల కిలోమీటర్ల పైచిలుకే. గట్టిగా నడిపితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండవచ్చు. కానీ పొద్దుగూకిన తరువాత బండి నడపకూడదని మొదటి రోజే నియమం పెట్టుకున్నాము. అదీగాక ఇది వరికోతల కాలం. కరీంనగర్ జిల్లా రోడ్లలో సగం వెడల్పున వడ్లు ఆరబోసి, అంచుల వెంట రాళ్లు పేర్చి ఉంటారు. చీకట్లో ఆ నల్ల రాళ్లు కనబడవు. ఈ కారణాలు రెండూ నిజమైనవే. మూడో కారణం మా ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు.

ఒకప్పుడు మావారి దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన ఆయన ఇక్కడికి దగ్గరి ఊరిలోనే ఉంటారు. వారి వాకిట్లో బండి నిలుపుకున్నాము. ముందుగా ఎవరికీ చెప్పుకోని పని: మరుగుదొడ్డి కింది పెట్టెను బయటికి లాగి, వారి ఇంటి మరుగుదొడ్డిలో కుమ్మరించి కడగడం. ఘాటైన రసాయనాలు పోస్తే సెప్టిక్ ట్యాంకులోని మంచి క్రిములు చస్తాయని మేము జీవద్రావణమే వాడుతున్నాము. ఇది పూర్తిగా మావారి శాఖ. ఒక్కరోజూ వంతు తప్పించుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. వంటగట్టు కింద చేరిన వాడిన నీళ్లను అరటి చెట్లకు పారించాము. ఆ తరువాత వారి ఇంటి మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లాకు పైపు తగిలించి ట్యాంకు నింపుతుంటే, ఇంటాయన నొచ్చుకున్నారు.

"అమ్మా, మాకు ఇల్లు లేదా? గీ బండిల పండుకునుడేంది? ఊరోళ్లు నన్ను ఏమనుకుంటరు?"

ఇక కాదనలేక భోజనం వారి ఇంట్లోనే చేశాము. జొన్నరొట్టె, గోరుచిక్కుడు కూర, పచ్చిపులుసు. స్నానం మాత్రం నేను వారి ఇంట్లో రెండు బకెట్ల వేడినీళ్లతో, రిజిస్టరుకు ఎక్కకుండా చేశాను.

సాయంత్రం ఆనకట్ట మీదికి వెళ్లాము. 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ఇది. నలభై రెండు గేట్లు. జలాశయం పూర్తి మట్టం 1091 అడుగులు. 112 టీఎంసీల నీటి నిల్వ కోసం కట్టినా పూడిక చేరి ఆ లెక్క బాగా తగ్గింది. ఎగువన మహారాష్ట్రలో గోదావరి మీదున్న బాబ్లీ బ్యారేజీ గేట్లు సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జూలై 1 నుండి అక్టోబరు 28 దాకానే తెరిచి ఉంటాయి కనుక, ఇకమీద పైనుండి వచ్చేది తక్కువేనని, ఉన్న నీళ్లతోనే యాసంగి గట్టెక్కాలని ఇద్దరు పాత ఉద్యోగులూ ఎవరో నివేదిక అడిగినట్లుగా మాట్లాడుకున్నారు. నేను కాకతీయ కాలువ తల దగ్గర నిలబడ్డాను. ఇక్కడ బయలుదేరే కాలువ 146వ కిలోమీటరు దగ్గర కరీంనగర్ మానేరు జలాశయాన్ని చేరి, అక్కడి నుండి మళ్లీ సాగి, మొత్తం 284 కిలోమీటర్ల పొడవున మా వరంగల్ వైపు వెళ్తుంది. మా హనుమకొండ నల్లాలలో వచ్చే నీళ్లు కూడా ఈ దారినే వచ్చి ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువులలో చేరినవే.

ఆ కాలువ చివరి భాగంలో మావారు పనిచేసిన రోజుల్లో, చివరి పొలాలకు నీళ్లు రాలేదని రైతులు రాత్రిపూట కూడా ఇంటికి వచ్చేవారు. నేను చాయ పెట్టి ఇస్తే తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మళ్లీ అదే మాట అడిగేవారు. పైన ఎవరు ఎంత వాడుకున్నదీ చివరన ఉన్నవాడికే తెలుస్తుందని ఈ రోజు ఆయనతో అంటే, "నువ్వు బండిల నా తర్వాత స్నానం చేస్తవు గదా, అందుకే అంటున్నవు" అన్నారు. రేపటి నుండి ముందు నేను చేస్తానని చెప్పాను. రేపే ఇల్లు చేరుతామని అప్పుడు ఇద్దరికీ గుర్తుకు వచ్చింది.

రాత్రి రిజిస్టరులో 120 అని రాశారు. ఒక్క రాత్రికి ట్యాంకు నిండా ఎందుకని నేను అడిగితే సమాధానం చెప్పకుండా రేపటి దారి చూడడం మొదలుపెట్టారు. జగిత్యాల దగ్గర పక్కకు తిరిగితే ధర్మపురి. నరసింహస్వామి దర్శనం చేసుకొని చాలా ఏండ్లయింది. దర్శనమయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది, ఆపైన వడ్ల రోడ్ల మీద చీకటి పడకముందే హనుమకొండ చేరడం సాధ్యం కాదు. గోదావరి ఒడ్డున సమంగా ఉన్న చోటు దొరుకుతుందని ఆయన అన్నారు. రేపు పిలిపించాలనుకున్న సంపు కడిగేవాళ్లను ఎల్లుండికి రమ్మని చెప్పమని కోడలికి ఫోను చేశాను.