"ఆయన ఉద్యోగం పోతదమ్మా": పోలీసు భర్త మీద కేసు పెట్టిన నా అనుభవం

నా భర్త కానిస్టేబుల్. ఆయన మీద క్రిమినల్ కేసు పెట్టాను, కోర్టులో గృహహింస కేసు వేశాను, డిపార్ట్‌మెంట్‌కు కూడా ఫిర్యాదు ఇచ్చాను. ఇవి మూడూ వేర్వేరు దారులని, ఒకటి ఆగినా ఇంకొకటి నడుస్తుందని మొదట్లో నాకు ఎవరూ చెప్పలేదు. పోలీసుల ఇళ్లల్లో ఉన్న ఆడవాళ్లు "స్టేషనంతా ఆయనవాళ్లే కదక్కా, ఎక్కడికి పోవాలె?" అని నన్ను అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

దెబ్బల గురించి ఎక్కువ రాయలేను. ఇల్లు విడిచి వచ్చిన రాత్రి మా తమ్ముడు నన్ను వరంగల్‌లోని సర్కారు దవాఖానా ఎంజీఎంకు తీసుకెళ్లాడు. ఎట్లా తగిలిందని డాక్టరమ్మ అడిగితే మా ఆయన కొట్టాడనే చెప్పాను. ఆమె ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు పనికొచ్చేలా గాయాలను నమోదు చేసే కాగితం) రాసింది. తర్వాత ప్రతిచోటా నా మాట పక్కన నిలబడింది ఆ కాగితమే.

ఆయన డ్యూటీ పక్క జిల్లాలో, మా అమ్మవాళ్లు ఉండేది హనుమకొండలో. కాపురం చేసిన ఊళ్లోనే కేసు పెట్టాలేమో అని భయపడ్డాం. అక్కర్లేదు. అత్తింటి హింస వల్ల బయటికి వచ్చిన భార్య తాను తలదాచుకున్న చోటే 498ఎ కేసు (భార్యను హింసించినందుకు పెట్టే క్రిమినల్ కేసు) పెట్టొచ్చని సుప్రీంకోర్టు 2019లో రూపాలీ దేవి కేసులో చెప్పింది. ఆయన పనిచేసే స్టేషన్ గడప తొక్కే అవసరం రాలేదు.

అయినా పోలీసోళ్లకు పోలీసోళ్లు తెలియకుండా ఉండరు. నేను పిటిషన్ ఇచ్చిన స్టేషన్ పేరు రాయను. అక్కడి రైటర్ (స్టేషన్‌లో కాగితాలు రాసే పోలీసు) మామునూరు పోలీసు ట్రైనింగ్‌లో మా ఆయన బ్యాచ్‌మేట్. "వదినా, మీరేంది ఇక్కడ?" అని కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. కాగితం మాత్రం తీసుకోలేదు. నేను ఇల్లు చేరకముందే మా ఆయన నుంచి మెసేజ్: "నీ ఫోన్ ఎక్కడ తిరుగుతుందో నాకు తెలుస్తది, యాదుంచుకో." ఆ మెసేజ్ డిలీట్ చేయలేదు. అది ఉద్యోగాన్ని అడ్డం పెట్టుకుని బెదిరించడం, డిపార్ట్‌మెంట్ ఫిర్యాదులో అదే ముందు రాయాలని తర్వాత మా లాయర్ మేడం చెప్పారు.

ఆ తర్వాత కౌన్సెలింగ్ అని పిలవడం, సార్ లేడు రేపు రాండ్రి అనడం, మధ్యలో పెద్దమనుషులు. ఎవరు కూర్చోబెట్టినా ఒకటే మాట: "ఆయన ఉద్యోగం పోతదమ్మా. రేపు నీకు, పిల్లకు పైసలెవరిస్తరు?" దెబ్బల కంటే నన్ను ఎక్కువ కాలం ఆపింది ఈ మాట. మా అమ్మ కూడా ఇదే అనేది.

వరంగల్ కోర్టుల్లో న్యాయసేవాధికార సంస్థ ద్వారా లాయర్‌ను పెట్టుకున్నాను. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఫ్రీగా ఇస్తారు. ఆ మేడం మొట్టమొదట ఈ ఉద్యోగం భయాన్నే విప్పి చూపించారు. కేసు పెట్టినంత మాత్రాన ఎవరి ఉద్యోగమూ పోదు. 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెన్షన్‌లో ఉన్నట్టే లెక్క, కానీ అప్పుడూ సగం జీతం లెక్కన జీవనభృతి వస్తుంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో సాధారణంగా ముందు నోటీసు ఇస్తారు తప్ప వెంటనే అరెస్టు చేయరు. శాఖ విచారణలో తప్పు రుజువైతే ఇంక్రిమెంట్ ఆపడం నుంచి డిస్మిస్ దాకా ఏదైనా ఉండొచ్చు. ఏది వేయాలో అధికారులు చూసుకుంటారు, ఆ భారం భార్య నెత్తిన పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ మాట విన్న రాత్రి నేను నిద్రపోయాను.

స్టేషన్‌లో తీసుకోని ఫిర్యాదును పై అధికారికి రిజిస్టర్ పోస్టులో పంపాం. 2024 జులై నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) ప్రకారం అది మన హక్కు. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. మా విషయంలో పై అధికారి స్పందించారు, బీఎన్‌ఎస్ 85 (పాత ఐపీసీలోని 498ఎకు బదులు వచ్చిన సెక్షన్) కింద ఎఫ్‌ఐఆర్ అయింది. దర్యాప్తు ఆ స్టేషన్ నుంచి తీసి వేరే అధికారికి ఇవ్వాలని నేను లిఖితపూర్వకంగా అడిగాను, ఇచ్చారు. ఇది అడగకపోతే ఎవరూ తమంతట తాము చేయరు.

గృహహింస కేసుకు మాత్రం స్టేషన్‌తో పనే లేదు. 2005 చట్టం కింద నేరుగా మేజిస్ట్రేట్ ముందు వేసుకోవచ్చు, ఆ చట్టం కింద బాధితులకు సాయం చేసే సర్కారు అధికారి, ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా అయినా వెళ్లొచ్చు. మొదటి వాయిదా మూడు రోజుల్లో ఉండాలని, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. మాకు అంత తొందరగా కాలేదు. కానీ మధ్యంతర ఉత్తర్వు వచ్చింది: నా దగ్గరికి రాకూడదు, ఫోన్ చేయకూడదు, నెలనెలా ఖర్చులు ఇవ్వాలి. ఆయన కట్టకపోతే అదే చట్టంలోని 20(6) కింద జీతం నుంచే నేరుగా ఇప్పించమని అడిగాం. సర్కారు జీతం దాచుకునేది కాదు కాబట్టి అక్కడ ఆయన ఆటలు సాగలేదు.

ఆ ఉత్తర్వు కాపీ స్టేషన్‌కు కూడా వెళుతుంది. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ మీరాడని చెప్పుకోవడానికి మళ్లీ ఆ పోలీసుల దగ్గరికే పోవాలి. అందుకే ఒక కాపీ ఎప్పుడూ బ్యాగులో పెట్టుకుంటాను. ఆయన మా వీధి చివర బండి ఆపి నిలబడ్డ రోజు ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు, లాయర్‌కు, 100కు, ముగ్గురికీ ఫోన్ చేశాను.

అన్నిటికంటే కష్టమైనది శాఖ విచారణ. ఓరల్ ఎంక్వైరీ అంటారు. అందులో నేను ఫిర్యాదుదారును కాదు, ఒట్టి సాక్షిని. అభియోగం ఎదుర్కొంటున్న ఉద్యోగికి సాక్షిని ప్రశ్నించే హక్కు ఉంటుంది. అంటే ఆయనే నాకు ఎదురుగా కూర్చుని నన్ను ప్రశ్నలడిగాడు. ఎప్పుడు కొట్టాను, ఎవరు చూశారు, ముందు ఎందుకు చెప్పలేదు. ఇంట్లో ఆ గొంతుకు వణికిన మనిషిని, అక్కడ ఎంక్వైరీ ఆఫీసర్ వైపు చూస్తూ జవాబులు చెప్పాను. ఆఫీసర్ పక్కన ఒక మహిళా అధికారి కూర్చోవాలని ముందే రాసి ఇచ్చాను, ఒప్పుకున్నారు. ఆమె ఉండటం వల్ల నా గొంతు నిలిచింది.

ఇది మన దగ్గరి బాధే అనుకునేదాన్ని. ఇంగ్లండ్‌లో పోలీసుల భార్యలు, సహచరులు ఇట్లాంటి అనుభవాలే చెబితే, సెంటర్ ఫర్ విమెన్స్ జస్టిస్ అనే సంస్థ 2020 మార్చిలో వాటిని కలిపి పెద్ద ఫిర్యాదు ఇచ్చింది. వ్యవస్థలోనే లోపాలున్నాయని 2022 జూన్‌లో అక్కడి పర్యవేక్షణ సంస్థలు నివేదిక ఇచ్చాయి. మన రాష్ట్రంలో కూడా పోలీసు మీద గృహహింస ఫిర్యాదు వస్తే మొదటి రోజు నుంచే వేరే యూనిట్ అధికారికి ఇవ్వాలని నేను కోరుతున్నాను.

ఎంక్వైరీ ఫలితం ఏమైందని సమాచార హక్కు కింద అడిగితే, అది ఉద్యోగి వ్యక్తిగత సమాచారమని, ఆ చట్టంలోని 8(1)(జె) కింద ఇవ్వలేమని జవాబు వచ్చింది. సుప్రీంకోర్టు 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసులో అట్లా చెప్పిందట. కొట్టింది నన్ను, సాక్ష్యం చెప్పింది నేను, ఫలితం మాత్రం నాకు చెప్పరు. ఇది ఒప్పుకోలేక మొదటి అప్పీలు వేశాను. క్రిమినల్ కేసులో చార్జిషీటు పడింది, వాయిదాలు నడుస్తున్నాయి.